రాత్రికేం వండాలి? వారానికొక్కసారే ఆలోచించండి

ప్రశ్న: మేం నిజాంపేటలో ఉంటాం. నేను, మావారు ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఇల్లు చేరేసరికి ఏడున్నర అవుతుంది. పాప నాలుగో తరగతి. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆవిడకు షుగర్, రాత్రి ఎనిమిదిన్నరకల్లా తినాలి, గుడ్డు ముట్టరు. సాయంత్రం నాలుగు దాటిందంటే చాలు, రాత్రికేం వండాలా అని టెన్షన్ మొదలవుతుంది. యూట్యూబ్‌లో చూసి కొత్తవి చేస్తే గంటన్నర పడుతోంది, తీరా పాప తినదు. తెలిసినవే చేస్తే ‘మళ్ళీ ఇదేనా’ అంటారు. వారంలో మూడు రోజులు బయటి నుంచే తెప్పించుకుంటున్నాం. త్వరగా అయిపోయి, మళ్ళీ మళ్ళీ చేసుకున్నా విసుగు రాని వంటలు చెప్పండి. ఒకేసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుందామంటే అత్తయ్యగారికి ఇష్టముండదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీకు వంట బాగానే వచ్చని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మిమ్మల్ని అలసగొడుతున్నది నాలుగింటికి మొదలయ్యే ఆ ఆలోచనే. నాలుగు నుంచి ఏడున్నర దాకా మనసులోనే పది కూరలు వండి, పదీ వద్దనుకుని, ఇంటికొచ్చేసరికి ఓపికంతా దానికే అయిపోతోంది. అప్పుడు ఫోన్ తీసి ఆర్డర్ పెట్టడం కాక ఇంకేం చేస్తారు?

కాబట్టి మొదట ఒక పని చెయ్యండి. సేవ్ చేసి పెట్టుకున్న కొత్త వంటలన్నీ ఆదివారానికి వదిలెయ్యండి. పనిరోజు రాత్రి కొత్త వంట జోలికి వెళ్ళొద్దు. కొలతలు చూసుకోవాలి, మధ్యమధ్యలో వీడియో ఆపాలి, లేని సరుకు కోసం కిందికి పరిగెత్తాలి. అలవాటైన వంటైతే చెయ్యి దానంతటదే ఆడుతుంది. పాప స్కూలు కబుర్లు వింటూనే తాలింపు పెట్టేస్తారు.

రెండోది, వారంలో ఐదు రాత్రులకూ ఒక్కో తరహా వంట కట్టేయండి. సోమవారం పప్పు. మంగళవారం అట్లు. బుధవారం గుడ్డు. గురువారం కిచిడీ. శుక్రవారం కలిపిన అన్నం. తరహా మారదు, అందులో పడే కూరగాయ మారుతుంది. ‘హాస్టల్ మెనూలా ఉందే’ అని మీవారు అనొచ్చు. అననివ్వండి. హాస్టల్లో గుడ్డు పెట్టే రోజు కోసం అందరూ ఎదురుచూసేవారన్న సంగతి, ఆయన హాస్టల్లో చదివి ఉంటే, ఆయనకూ గుర్తుండే ఉంటుంది.

సోమవారం సంగతి కాస్త వివరంగా చెప్తాను. దీన్ని కుదుర్చుకుంటే సగం వారం కుదిరినట్టే. ఆదివారం తెచ్చిన ఆకుకూర తాజాగా ఉంటుంది కాబట్టి సోమవారానికి పప్పు సరిపోతుంది. అత్తయ్యగారు ఇంట్లోనే ఉంటారు కదా, ఏడింటికి ఒక టీ గ్లాసు కందిపప్పు కడిగి నానబెట్టమని అడగండి. ఇలాంటి చిన్న పని అడిగితే పెద్దవాళ్ళు మామూలుగా కాదనరు. వంటింట్లోంచి పూర్తిగా తప్పించేస్తేనే చిన్నబుచ్చుకుంటారు. మీరు రాగానే, టీ కన్నా ముందు, కుక్కర్ ఎక్కించెయ్యండి. అడుగున రెండు గ్లాసుల నీళ్ళు. కింది గిన్నెలో నానిన పప్పు, రెండున్నర గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె, తరిగిన తోటకూరో పాలకూరో. పై గిన్నెలో బియ్యం, దానికి తగ్గ నీళ్ళు. మధ్యస్థంగా మంట పెట్టి నాలుగు విజిల్స్ రానిచ్చి స్టవ్ కట్టేయండి. ఆవిరి దానంతటదే దిగాలి, గరిటెతో ఎత్తి వదిలించొద్దు. టీ తాగేది ఇప్పుడు.

ఉప్పు, చింతపండు మూత తీశాకే వెయ్యండి. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు, బద్దలు బద్దలుగా మిగిలిపోతుంది. గోంగూరైతే అందుకే పప్పుతో కలిపి పెట్టకుండా పక్కన మూకుట్లో చెంచా నూనెలో మగ్గించి, తర్వాత కలుపుకోవాలి. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళయితే వాటిలోనూ పప్పు మొండికేస్తుంది. తాగడానికి వాడే ఫిల్టర్ నీళ్ళే పొయ్యండి.

ఇంత తొందరలోనూ తొందర పడకూడనిది తాలింపు దగ్గరే. నెయ్యి బాగా కాగాక ఆవాలు వేసి, చిటపటలు సద్దుమణిగేదాకా ఆగండి. తర్వాత జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు. వెల్లుల్లి అంచులు ఎర్రబడ్డాక కరివేపాకు, చిటికెడు ఇంగువ, వెంటనే పప్పులోకి. వెల్లుల్లి ఇంకా తెల్లగా ఉండగానే పోసేస్తే ఆ పప్పు హాస్పిటల్ పప్పులా ఉంటుంది. ‘మళ్ళీ ఇదేనా’ అన్న మాట చాలాసార్లు అలాంటి పప్పు మీదే వస్తుంది. కారంగా కావాలనుకున్నవాళ్ళ కోసం రెండు పచ్చిమిరపకాయలు కూడా తాలింపులోనే వేయించండి, పాపకి ముందే ఒక గిన్నె తీసి పెట్టేసి.

వచ్చే సోమవారం ఇదే కుక్కర్లో దోసకాయ, ఆపై వారం టమాటా, ఆ తర్వాత బీరకాయ, ఎండాకాలం వస్తే మామిడికాయ. టమాటా, మామిడికాయ కూడా పులుపే కాబట్టి గోంగూరలాగే విడిగా మగ్గించి కలుపుకోండి. పేరు పప్పే, రుచి నాలుగు రకాలు. పప్పు పక్కన వేపుడు ఉండి తీరాలన్న పట్టింపు మాత్రం వదిలేయండి. దొండకాయ, కాకరకాయ సరిగ్గా వేగాలంటే అరగంట పైనే కావాలి, పనిరోజు వాటి జోలికి వెళ్ళొద్దు. అప్పడమో, రెండు ఊరమిరపకాయలో, కాస్త ఆవకాయో చాలు. అత్తయ్యగారికి షుగర్‌తో పాటు బీపీ కూడా ఉంటే ఆవిడ కంచంలోకి ఇవేవీ వద్దు, ఓ కీరదోసకాయ కోసి ఇవ్వండి.

ఆవిడ షుగర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అన్నం బదులు గోధుమ రవ్వో జొన్న రొట్టో పెడితే ఎంతైనా తినొచ్చనుకోవడం పొరపాటు. ఏదైనా డాక్టరుగారు చెప్పిన కొలతలోనే తినాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలని చెప్పింది. మన ఇళ్ళలో తిరగేసి పెడతాం: ముప్పాతిక అన్నం, మూలన కాస్త కూర. ఆవిడకి విడిగా వండక్కర్లేదు. అదే పప్పు, అదే కూర, అన్నం తగ్గించి అవి పెంచండి. పాపకీ అదే మంచిది.

మంగళవారం అట్లకి పిండి ఆదివారమే రుబ్బి ఉంచుకోవాలి. గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల బియ్యం, చెంచా మెంతులు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. మంగళవారం దోసెలు వేసుకోగా మిగిలింది గురువారానికి పులుస్తుంది. దాంట్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి ఊతప్పమో పుల్లట్టో వేస్తే పాపకి గురువారం ఉదయం టిఫిన్ అయిపోతుంది. ఆదివారం రుబ్బడం కుదరకపోతే పెసరట్టు ఉండనే ఉంది. దానికి పులియడంతో పని లేదు. ఉదయం ఆఫీసుకి వెళ్ళేముందు పెసలు నానబోసి, ఎండాకాలమైతే ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళండి, లేకపోతే వాసన వస్తుంది. రాగానే అల్లం, పచ్చిమిర్చి, గుప్పెడు నానిన బియ్యం కలిపి మిక్సీ పట్టి పోసెయ్యడమే. అల్లప్పచ్చడి సీసాలో ఉంటే ఇంకేం అక్కర్లేదు. పల్లీ చట్నీ కావాలంటే ఆదివారమే అరకిలో పల్లీలు వేయించి డబ్బాలో పోసుకోండి. చట్నీలో ఎక్కువ సేపు పట్టేది ఆ వేయించడమే.

బుధవారం గుడ్డు పెట్టడానికి కారణం మీకు చెప్పక్కర్లేదు. చాలా ఇళ్ళలో సోమవారం, గురువారం, శనివారం నీచు ముట్టరు. బుధవారంతో ఏ దేవుడికీ పేచీ లేదు. మూడు ఉల్లిపాయలు, మూడు టమాటాలు, పచ్చిమిర్చి నూనెలో బాగా మగ్గించండి. గుడ్లు పగలగొట్టేముందే అందులో మూడో వంతు వేరే మూకుట్లోకి తీసి, పనీరు ముక్కలో, ఉడికించిన అలసందలో వేస్తే అత్తయ్యగారి కూర తయారు. గరిటె కూడా వేరేది పెట్టండి, పట్టింపు ఉన్నవాళ్ళకి అది కూడా ముఖ్యమే. మిగిలినదాంట్లో ఆరు గుడ్లు కొట్టి పోసి, వెంటనే కలపకుండా అర నిమిషం ఆగి కలిపితే పొరటు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇంకో వారం ఉడికించిన గుడ్లు కారం చల్లి వేయించుకోవచ్చు, ఇంకో వారం గుడ్డు పులుసు. పక్కన మిరియాల చారు పెడితే అందరికీ సరిపోతుంది.

గురువారం వచ్చేసరికి మనిషి నీరసపడతాడు, కూరగాయల బుట్టా ఖాళీ అవుతుంది. అందుకే ఆ రోజు కిచిడీ పెట్టాను. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కలిపి కడిగి, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, పసుపు, ఉప్పు, మిగిలిపోయిన ఒక క్యారెట్, నాలుగు బీన్స్, ఏముంటే అవి. ముందుగా కుక్కర్లోనే నేతిలో జీలకర్ర, నాలుగు మిరియాలు, ఒక లవంగం, ఒక బిర్యానీ ఆకు వేయించి పై సరుకంతా వేసి మూడు విజిల్స్. పెసరపప్పు కాబట్టి నానబెట్టే పని కూడా లేదు.

కిచిడీ చప్పగా ఉంటుందని పిల్లలు గొణిగేది నిజమే. దాన్ని నిలబెట్టేది పచ్చిపులుసు. తెలంగాణ ఇళ్ళలో ఇది ఎప్పుడూ ఉండేదే. మీది గుంటూరు వైపో గోదావరి వైపో అయినా ఒకసారి ఇలా చేసి చూడండి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం పిండి, మూడు గ్లాసుల నీళ్ళతో పల్చన చేయండి. మూడు పచ్చిమిరపకాయలు స్టవ్ మంట మీదే నల్లమచ్చలు పడేదాకా కాల్చండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, జీలకర్ర, కొత్తిమీర, కాల్చిన మిర్చి అన్నీ ఒక గిన్నెలో వేసి చేత్తోనే గట్టిగా పిసకండి. ఉల్లిపాయ నీరు ఊరి, మిర్చి వాసన గిన్నెంతా పట్టాలి. మిక్సీ వేస్తే ఈ రుచి రాదు. అప్పుడు చింతపండు నీళ్ళు పోసి, కావాలంటే చిటికెడు బెల్లం, వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా. పిసికాక చెయ్యి వెంటనే కడుక్కోండి, కళ్ళు నలుపుకున్నారో అయిపోయారు. దీనికి మరగబెట్టే పనే లేదు, కుక్కర్ ఆవిరి దిగేలోపు పూర్తవుతుంది. పాపకి మిర్చి తక్కువ వేసి వేరే గిన్నెలో కలపండి.

శుక్రవారం గురించి పెద్దగా చెప్పను. చింతపండు గుజ్జును నూనె, పసుపు, పచ్చిమిర్చితో నూనె పైకి తేలేదాకా ఉడికించి గాజు సీసాలో పెట్టుకుంటే పులిహోర పది నిమిషాల పని. అన్నం వండాలి, తాలింపులో పల్లీలు, శనగపప్పు ధారాళంగా వెయ్యాలి, కలపాలి. విసుగేస్తే నిమ్మకాయ పులిహోర, టమాటా బాత్. పక్కన పెరుగు. లేదూ, వారమంతా వండాను, ఇవాళ నావల్ల కాదనిపిస్తే ఆ రోజే బయటి నుంచి తెప్పించుకోండి. వారంలో ఒక రాత్రి ఆర్డర్ పెట్టుకోవడం నేరమేం కాదు. మూడు రాత్రులు, అదీ తొమ్మిదింటికి తిట్టుకుంటూ పెట్టే ఆర్డరే ఒంటికీ పర్సుకీ చేటు.

ఏదో ఒక రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎనిమిదిన్నరకి ఇల్లు చేరతారు. ఆ రాత్రి ఈ పట్టికంతా పక్కన పెట్టేయండి. వేడన్నం, కందిపొడి, నెయ్యి, పెరుగు. దీనికి మించిన భోజనం నాకైతే తెలియదు. పొడి మీరే కొట్టాలని ఏమీ లేదు, దగ్గర్లోని స్వగృహ దుకాణంలో దొరుకుతుంది. అత్తయ్యగారికి మాత్రం మందు వేళ దాటకూడదు. ఆలస్యమయ్యే రోజు ముందే ఫోన్ చేస్తే ఆవిడే గుప్పెడు రవ్వతో ఉప్మా చేసుకోగలరేమో కనుక్కోండి. లేదంటే ఉదయమే ఆవిడ కోసం రెండు చపాతీలు, కాస్త కూర ఉంచి వెళ్ళండి.

ఫ్రిజ్ విషయంలో అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ భయంలో కొంత నిజముంది. మిగిలిన అన్నం రాత్రంతా గిన్నెలో బయటే ఉండి, పొద్దున ఫ్రిజ్‌లోకి వెళ్తే అది మంచిది కాదు. అన్నంలో ఉడికినా చావని ఒక రకం సూక్ష్మక్రిములు ఉంటాయి, అన్నం గోరువెచ్చగా ఉన్నంత సేపూ అవి పెరుగుతాయి, తర్వాత ఎంత వేడి చేసినా అవి వదిలిన విషం పోదు. అందుకే మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే పొగలు వచ్చేలా వేడి చేసి తినాలి, అదీ ఒక్కసారే. నేనైతే వండిన కూరలు వారానికి సరిపడా డబ్బాల్లో పెట్టుకోమని చెప్పను. మన కూరలు మూడో రోజుకి రుచి పోగొట్టుకుంటాయి. అట్లపిండి, అల్లం వెల్లుల్లి ముద్ద, పులిహోర గుజ్జు, వేయించిన పల్లీలు, ఒలిచిన వెల్లుల్లి, ఇవి ఉంచుకోండి. వీటికి ఆవిడకూ అభ్యంతరం ఉండదు. ఆకుకూర, కొత్తిమీర కడగకుండా వేళ్ళు కోసి, కాగితంలో చుట్టి పెడితే నాలుగు రోజులు ఉంటాయి. కడిగి పెడితే రెండు రోజులకే కుళ్ళుతాయి.

ఇక మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావన ఒక్కసారే వచ్చింది, అదీ ఉద్యోగం దగ్గర. ఆయనా ఏడున్నరకే ఇల్లు చేరుతున్నారు కదా? మంగళవారం అట్లు పోసే పని ఆయనకి అప్పజెప్పండి. అట్లు పోసేవాళ్ళు అందరి తర్వాత తింటారు కాబట్టి, ఆ పనేమిటో నాలుగు వారాల్లో ఆయనకే తెలుస్తుంది. మొదట్లో పెనం మాడుస్తారు, పిండి మందంగా పోస్తారు. పక్కన నిలబడి సరిదిద్దకండి, గదిలోకి వెళ్ళిపోండి. బుధవారం ఉల్లిపాయలు తరగడం, రోజూ కంచాలు పెట్టడం, తిన్నాక గిన్నెలు సర్దడం కూడా ఇద్దరిలో ఎవరిదో ముందే తేల్చుకోండి. ‘కాస్త హెల్ప్ చెయ్యొచ్చుగా’ అని రోజూ అడగాల్సి వస్తే అది మీకు ఇంకో పని.

‘మళ్ళీ ఇదేనా’ అన్నవాళ్ళకి నాదొక శిక్ష ఉంది. ఆదివారం రైతుబజారుకి వాళ్ళే వెళ్ళాలి. మీకు కూకట్‌పల్లి రైతుబజారు దగ్గరే. వచ్చే సోమవారం పప్పులో ఏం పడాలి, గురువారం కిచిడీలో ఏం పడాలి అన్నది వాళ్ళే ఎంచి తేవాలి. పాపని కూడా తీసుకెళ్ళమనండి. తను ఏరి తెచ్చిన బీరకాయని ‘నాకొద్దు’ అనడం తొమ్మిదేళ్ళ పిల్లకి కూడా కష్టమే.

ఐదు రోజులూ ఒకేసారి మొదలుపెట్టాలనుకోకండి. వచ్చే వారం సోమవారం పప్పు, గురువారం కిచిడీ మాత్రమే పట్టుకోండి, రెండూ కుక్కర్ పనులే. మిగతా రోజులు మీరు ఇప్పుడు ఎలా చేస్తున్నారో అలాగే. అది అలవాటయ్యాక బుధవారం గుడ్డు కలపండి. అట్లు చివరికి ఉంచండి, ఈలోపు మీవారితో మాట్లాడటానికి మీకూ కాస్త టైమ్ దొరుకుతుంది.